కిటికీ అవతల నిలబడి చదివిన ఉత్తరం

మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. ఓడ పని లేని గంటల్లో ఆ పైనే కూర్చుని పత్రికలు చదివేవారు. చదివి ఊరుకుంటే బాగుండును, రాసినవాళ్ళకి ఉత్తరాలు కూడా రాసేవారు. చాలామంది పట్టించుకోలేదు. ఒక్క పెద్దాయన మాత్రం ప్రతిదానికీ జవాబిచ్చారు. ఆయన పేరు తెలియని తెలుగువాళ్ళు తక్కువ, అందుకే ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆయన్ని పెద్దాయన అనే అనేవాళ్ళం.

పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన పోయి రెండేళ్ళు. ఈ సీతమ్మధార ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉంటాను. పగలు ఫోన్ మోగిందంటే లోన్ కావాలా అని అడిగే పిల్లలే. లోన్ వద్దు గానీ కాసేపు మాట్లాడమ్మా అందామనిపిస్తుంది, ఈలోపు వాళ్ళే పెట్టేస్తారు. అలాంటిది కిందటేడు ఒక లెక్చరరు ఫోన్ చేసి మా ఆయన్ని పేరు పెట్టి అడిగాడు. పెద్దాయన ఉత్తరాలన్నీ పోగుచేసి పుస్తకం వేస్తున్నారట, మా దగ్గరున్నవి చూపించమన్నాడు. రమ్మన్నాను. ఎవరికోసమో వంట చేసి ఎన్నాళ్ళయిందో, ఆ రోజు ఉప్మాలో జీడిపప్పు కూడా వేశాను.

ఉత్తరాలన్నీ ఇనప తీగకి గుచ్చి ఉన్నాయి. కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు, వచ్చినవి వచ్చినట్టు. ఆ అబ్బాయి ఒక్కొక్కటీ తీసి సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా గుచ్చాడు.

"అన్నీ ఆయనకి రాసినవేనా అమ్మా?" అని అడిగాడు.

"నాకూ ఒకటి రాసేరు బాబూ. అదొక్కటే లేదు. మా అత్తగారు సింపేసేరు" అన్నాను.

అప్పుడు మేము మల్కాపురంలో అద్దెకుండేవాళ్ళం. నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టి ఏడవలేదు. ఒకసారి చూపించారు, తీసుకుపోయారు. ముందురోజు నేను వీధి కుళాయి దగ్గర నీళ్ళబిందె ఎత్తాను. ఆ సంగతి మా అత్తగారికి తెలుసు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ గుమ్మంలోనే చెప్పేవారు.

"వద్దంటే ఇన్నాదేటి? నిండు నెలల మీద బిందె ఎత్తింది. ఇంక బిడ్డెలా దక్కుతాది?"

లోపల మంచం మీద పడుకుని నేను వినేదాన్ని. వినగా వినగా నేనూ నమ్మేశాను. నా బిడ్డని నేనే చంపుకున్నానని నమ్మాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. మా ఆయన ఒక్క మాట అనలేదు. టన్నులకొద్దీ ఇనుము గాల్లోకి లేపే మనిషి, వాళ్ళమ్మ ఎదుట మాత్రం పిల్లిలా తిరిగేవారు.

బిడ్డ పోయిందని మా ఆయన రాసినట్టున్నారు, ఆ రోజుల్లోనే పెద్దాయన దగ్గర్నుంచి నా పేరు మీద కవరు వచ్చింది. మా వైపు, చావు మాట ఉన్న ఉత్తరాన్ని ఇంట్లోకి తీసుకురారు. గుమ్మం బయటే చదివి చింపేస్తారు. తీగకి గుచ్చడమన్న ప్రశ్నే లేదు. నేను చూస్తే పురిటి గదిలో ఉన్నాను, గడప దాటకూడదు. ఉత్తరం లోపలికి రాకూడదు, నేను బయటికి వెళ్ళకూడదు. చివరికి మా అత్తగారే తీర్పు చెప్పారు.

"సందులోకెళ్ళి కిటికీ కాడ నిలబడి సదవరా. అది ఇంటాది. సదివేసి కాయితం నాకిచ్చీ."

మా ఆయన కిటికీ అవతల నిలబడి చదివారు. ఊచల మధ్య నుంచి నాకు ఆయన గడ్డమూ, కాగితం పట్టుకున్న చెయ్యీ కనిపించాయి. దగ్గర్లోని రిఫైనరీ వాసన గదంతా కమ్ముకుని ఉంది. మొదటి మాటలేవో నాకు గుర్తులేవు. కాలమనీ దుఃఖమనీ ఏవో పెద్ద మాటలు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మధ్యలో ఆయన ఆగారు. గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నారు.

"అమ్మా, బిందె ఎత్తినందుకు బిడ్డలు పోరు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఎత్తుతూనే ఉన్నారు. ఇందులో నీ తప్పు లేదు. ఎవరు ఏమన్నా నువ్వు నమ్మొద్దు."

నేను ఇటు తిరిగాను. "మళ్ళీ సదవండి" అన్నాను. ఆ ముక్క మళ్ళీ చదివారు. మా అత్తగారు పక్కనే నిలబడి ఉన్నారు. కాగితం తీసుకుని ముక్కలు చేసి కాలవలో పడేశారు. తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ బిందె ఊసెత్తలేదు. పేపర్లో ఫోటో పడే మనిషి చెప్పాడంటే ఆవిడకీ గురే మరి.

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. అయినా ఆ మాట పట్టుకునే నేను లేచి తిరిగాను. పెద్దాయన పోయారని టీవీలో చూసిన రోజు మా నాన్న పోయినంతగా ఏడ్చాను. ఇంట్లో ఏ చిన్న గొడవొచ్చినా మా ఆయన్ని అదే దెప్పేదాన్ని. "ఎక్కడో ఉన్న మనిషికి నా బాధ తెలిసింది. పక్కనున్న మీకు తెలీలేదు. ఆ మనసు అందరికీ ఉంటాదేటి?" ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ఇదంతా విని లెక్చరరు ఒక సంగతి చెప్పాడు. పెద్దాయన ప్రతి జవాబూ ముందు చిత్తుగా రాసుకుని, తర్వాత మంచి కాగితం మీద ఎత్తి రాసేవారట. ఆ చిత్తు కాగితాలన్నీ దాచేవారట. వాటిని ఇంకో ఊళ్ళో ఇంకొకరు చూస్తున్నారు, కనుక్కుంటానన్నాడు. కొన్ని వారాలకి ఫోన్ చేశాడు. నాకు రాసింది దొరికిందట, అప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయిందట. పుస్తకం విడుదల సభలో ఆ ఉత్తరం గురించి నన్ను మాట్లాడమన్నాడు. సరేనన్నాను. ఆ ఉత్తరాన్ని నా చేత్తో పట్టుకుని నా కళ్ళతో చదువుకోవాలి, నాకు ఇంక వేరే కోరిక లేదు. సభలో చెప్పాల్సిన నాలుగు మాటలు వంటింట్లో గోడకి చెప్పి చూసుకున్నాను.

సభకి ముందే పుస్తకం మద్దిలపాలెంలో షాపుకి వచ్చిందని తెలిసి ఆటో ఎక్కాను. కొనుక్కుని, ఇల్లు చేరేదాకా ఆగలేక, డిపో ఎదురుగా బస్‌స్టాపులో కూర్చుని పేజీలు తిప్పాను. నాకు రాసిన ఉత్తరం అర పేజీ ఉంది. కాలం గురించి ఉంది. దుఃఖం గురించి ఉంది. అంతా మర్యాదగా, అందంగా ఉంది. బిందె లేదు. అచ్చులో ఎగిరిపోయిందేమోనని ముందు ప్రెస్సువాళ్ళని తిట్టుకున్నాను. మళ్ళీ మొదట్నుంచి చదివాను. చివర్లో ఒక వాక్యం ఉంది. ఎలా జరిగిందో మీవారు నాకు రాయలేదు, నేను అడగను, అని.

పెద్దాయనకి బిందె సంగతే తెలియదు.

కిటికీ అవతల మా ఆయన మధ్యలో ఆగి గొంతు సవరించుకున్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. వాళ్ళమ్మతో అనలేని మాటని ఆయన పెద్దాయన పేరు మీద అన్నారు. వాళ్ళమ్మ వినేటట్టు, నేను వినేటట్టు. నాకు ముందు కోపమే వచ్చింది. అన్నేళ్ళు దెప్పానే, ఒక్కసారైనా అది నా మాటే అని చెప్పొచ్చు కదా. తర్వాత ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న చేపల బుట్టావిడ "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఆవిడ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

సాయంత్రం లెక్చరరు ఫోన్ చేశాడు.

"మీరు చెప్పిన వాక్యం పుస్తకంలో లేదమ్మా. ఎత్తి రాసేటప్పుడు కలిపి ఉంటారు. సభలో మీరు చెప్పండి, రెండో ముద్రణలో ఆయన మాటగా వేస్తాం."

"వెయ్యకండి బాబూ. అది మా ఆయన మాట" అని, జరిగింది చెప్పాను. "సభకి వస్తాను. ఆయన గురించే మాట్లాడతాను."

"సభ పెద్దాయనది కదమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ అబ్బాయిని తప్పుపట్టడానికేం లేదు. సభకి నేను వెళ్ళలేదు. ఆ రోజు మా ఫ్లాట్ హాల్లోనే కూర్చుని, "నాకు తెలిసిందండీ" అని పైకే అన్నాను. వినపడలేదేమో అన్నట్టు మళ్ళీ గట్టిగా అన్నాను. పేపరు దించి నావైపు చూసే మనిషి ఇంట్లో లేరు.