భుజం తట్టి పిలిచే అలవాటు

మా ఆయన పగలంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేత పని చేసి, సాయంత్రం కుంఠా నాకా దగ్గరి మైదానంలో ఆడపిల్లలకు ఖోఖో నేర్పుతారు. గట్టిగా అరుస్తారని, భుజం పట్టి గుంజుతారని ఆ పిల్లల్లోనే ఎవరో ఫిర్యాదు చేశారు. చౌకశీ, అదే విచారణ, అయ్యేదాకా మైదానానికి రావద్దని ఆటలు నడిపేవాళ్లు అన్నారు. ఈ రోజు బీడీలు చుడుతూ పక్కింటి అక్కను అడిగాను. ఆమె కూతురు కూడా అక్కడే ఆడుతుంది.

"సాంచాల చప్పుడుల ఎవరికి ఏం వినబడదు. అందరు అట్లనే భుజం తట్టి పిలుస్తరు గద అక్కా?"

"మనకెరుకే చెల్లె. పోరికేం ఎరుక? భయపడ్డదేమో. చౌకశీ కానియ్యి."

"మరి ఆయన్ను గూడ ఒక్క మాట అడగాలె గద?"

"అది బరాబరే."

అక్క అన్నదీ నిజమే. పిల్లలు తమ బాధ చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి. కానీ ఇన్ని రోజులైనా ఆయనను పిలిచి అడిగినవాళ్లు లేరు.

సాయంత్రం తలెత్తి చూస్తే ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. చాయ్ కోసం మెల్లగా పిలిచారట, నాకు వినిపించలేదు. రోజూ వచ్చి భుజం తట్టే మనిషి. సొంత ఇంట్లోనే చెయ్యి వెనక్కి తీసుకుంటున్న ఆయనకు నేనేం చెప్పాలి? తోచితే మీరే చెప్పండి.