చివరిదాకా చూసినవాళ్ళకు

నా ఉద్యోగం పేరు డిజిటల్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్. మా ఇంట్లో ఎవరికీ అది నోరు తిరగదు. వరి పండించే కుటుంబం మాది. చుట్టాలు అడిగితే మా నాన్న "ఏదో ఫోన్లో పనిలే" అని మాట దాటేస్తాడు. మీరు ఫోన్లో ఏదో చూసుకుంటుంటే మధ్యలో ఒక చీరో, ఒక ఇళ్ల స్థలమో అడ్డం వస్తుందే, విసుక్కుంటూ పైకి తోసేస్తారే, అది పెట్టేది నాలాంటి వాళ్ళే. ఇంతమంది చేత తిట్లు తిని జీతం తీసుకునే పని ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు.

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక చేపల పులుసు హోటల్ ఉంది. దాని ప్రకటనలు నేనే చూస్తాను. ఒకసారి ఆ హోటల్ కోసం పొద్దున్నే మైపాడు ఒడ్డుకు పోయి వీడియో తీశాం. అందులో ఉన్నది హోటల్‌కు రోజూ చేపలిచ్చే మనిషి. ముందు బాగా సిగ్గుపడ్డాడు. నేను రాసిచ్చిన మాటలు నాలుగైదుసార్లు తప్పు చదివి, చివరికి కాగితం పక్కన పడేశాడు. బోటు దిగుతూ వంజరం చేపను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, నవ్వుతూ "రాండి, తినిపోదురు" అన్నాడు. నా మాటలకంటే అదే బాగుందని అందరం ఒప్పుకున్నాం.

ఆ ప్రకటన బాగా నడిచింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. వీడియోను ఎవరైనా చివరిదాకా చూస్తే, వాళ్ళకు ఆసక్తి ఉందని లెక్క. వాళ్ళకు దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తాం. మధ్యలో తోసేసిన వాళ్ళను మెల్లగా వదిలేస్తాం. ఎవరు చూశారో పేర్లు మాకు తెలియవు. చూసుకునేదంతా మెషీనే.

తరువాత ఒక రోజు అలలకు ఆ చేపలాయన బోటు తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. ఆయన శవం మరుసటి రోజు కొట్టుకొచ్చింది. ఆ కబురు నాకు ఆఫీసులో తెలిసింది, ప్రకటన సంగతి మాత్రం గుర్తే రాలేదు. చావు పనుల్లో ఊరంతా మునిగి ఉంటే, ప్రకటన దాని పాటికి అది నడుస్తూనే ఉంది. దినాలు అయ్యాక గానీ అది హోటల్ యజమాని కంట పడలేదు. వెంటనే ఫోన్ చేశాడు.

"అమ్మా, పోయినోడి మొహం పెట్టి పులుసు అమ్ముకుంటామా? ముందు అది ఆపేయ్."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆపేశాను.

తరువాతి వారం ఒకామె హోటల్లో అడ్రసు కనుక్కుని, మైపాడు బస్సులో నెల్లూరులోని మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఫోన్, చెంగు చివర బస్సు టికెట్. ఆ చేపలాయన భార్యనని చెప్పుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన రాడం లేదక్కా," అంది.

నాకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. ఆమె ఫోన్లో ఆ ప్రకటన రోజూ వచ్చేదట. పోయిన తర్వాత కూడా వచ్చేదట. ఇప్పుడు రావడం లేదు. దానికేముందని, వీడియో మొత్తం ఆమె వాట్సాప్‌కు పంపాను. మంచి పని చేశానని కూడా అనుకున్నాను. ఆమె ఒకసారి చూసి ఫోన్ కిందికి దించింది.

"ఇది నేను తీస్తే కనపడతాడు. అది అట్టా కాదక్కా. నేను ఇంకేందో చూసుకుంటా ఉంటే, ఆయనంతట ఆయనే వచ్చేవాడు. సముద్రం మీద పోయినోళ్ళు ఎప్పుడొస్తారో చెప్పి రారు గదా. అట్టానే వచ్చేవాడు. పోయినాడని నాకు తెలుసు. పిచ్చిదాన్ని కాదు."

ఆయన ఎందుకు వచ్చేవాడో నాకు తెలుసు. ఆమె ప్రతిసారీ చివరిదాకా చూసింది గనుక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ప్రకటన వచ్చిందని తిట్టిన వాళ్ళే గానీ, రాలేదని అడగడానికి బస్సెక్కి వచ్చిన మనిషిని నేను చూడలేదు. ఏడుపొచ్చింది.

హోటల్ యజమానికి ఫోన్ చేసి, సంగతి చెప్పి, ఆ ప్రకటన మళ్ళీ పెట్టనా అని అడిగాను. "మా పేరు తీసేసి ఏమన్నా చేసుకోమ్మా," అన్నాడు. హోటల్ పేరు, ఫోన్ నంబరు, "రాండి" అన్న పిలుపు, అన్నీ కోసేశాను. బోటు దిగడం, చేప ఎత్తడం, నవ్వడం మిగిలాయి. ఏమీ అమ్మని ప్రకటన నా చేత్తో తయారుచేయడం వింతగా ఉంది. దాన్ని ఆమె ఒక్కదానికే చూపించడం కుదరదు. ఊరి మేరకు పెట్టగలను, అంతే.

"ఊళ్ళో అందరికీ కనపడతాడమ్మా. నీకు పర్లేదా?"

"రోజూ ఊళ్ళో అందరికీ కనపడినోడే గదక్కా," అంది.

నా సొంత ఖాతా నుంచి దాన్ని పెట్టాను. కొన్నాళ్ళ తర్వాత ఆమె ఫోన్ చేసింది. వెనక పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది. గొంతు తేలికగా ఉంది.

"నిన్న వచ్చినాడక్కా. నేను తాళింపు పెడతా ఉండి చూడలా. మాడిపోతుందని పైకి తోసేసినా. పర్లేదులే, మళ్ళీ వస్తాడు గదా."

"వస్తాడమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆ ప్రకటన తెరిచాను. తోసేసిన వాళ్ళకు మళ్ళీ చూపించవద్దని ఉన్న చోట, చూపించమని మార్చాను.