అమ్మను అతికించిన జిగురు

అమ్మ మళ్ళీ ఊడిపోయింది.

అమ్మంటే నిజం అమ్మ కాదు, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇది బొటనవేలంత రెసిన్ బొమ్మ. గుడివాడలో మా ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద, ప్లైవుడ్ పలక మీద, మా పాత ఇంటి నమూనా ఒకటి కట్టాను. ఆ ఇంటి వీధి అరుగు మీద ఈ బొమ్మ కూర్చుని ఉండాలి. పొద్దున్న లేచి చూస్తే అరుగు ఖాళీగా ఉంది. నేను రాసిన జిగురు తెల్లటి పెచ్చులా అక్కడే మిగిలింది. అమ్మేమో నమూనా లోపలి గదిలో పడుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? నా బతుకంతా ప్లాస్టరూ రెసినూతోనే గడిచింది. నేను పళ్ళ సెట్లు చేసేవాణ్ణి. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే ప్లాస్టర్ పోసి, మైనం మీద పళ్ళు అమర్చి, రెసిన్‌తో సెట్టు కట్టి ఇస్తాను. నా సెట్టు పెట్టుకుని చెరుకు ముక్క కొరికి చూపించిన పెద్దమనుషులున్నారు. అలాంటివాణ్ణి, కదలని బొమ్మను కదలని అరుగు మీద నిలపలేకపోతున్నాను. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మీరు రచ్చ గెలిచి ఇంట ఓడిపోతున్నారు" అని మా ఆవిడ ఒక దెప్పు దెప్పింది. నేను జిగురు పెచ్చు గీకుతూ కూర్చున్నాను. ఆ సమయంలో మాట్లాడితే ఇంట్లో రెండు పూటలా పచ్చడి మెతుకులే.

ఈ నమూనా అంతా మాతోనే ఉంటున్న మా అక్క కోసం. అక్కకి కళ్ళలో నీటికాసులు. మొదట పక్కల చూపు పోయింది. గుమ్మాలకి గుద్దుకుంటుంటే పెద్దతనం అనుకున్నాం. బందరు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. కళ్ళ డాక్టరు గారు మంచాయన, దాచకుండా చెప్పారు. పోయిన చూపు రాదండీ, మిగిలిన కాస్తా చుక్కల మందుతో కొన్నాళ్ళు ఆపగలం, ఎన్నాళ్ళో నేను చెప్పలేను అన్నారు. నేను ఆయన్ని అడగాల్సినవీ అడగక్కర్లేనివీ అన్నీ అడిగాను. ఆపరేషను, మద్రాసు, హైదరాబాదు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. అక్క మాత్రం ఏమీ అడగలేదు, వస్తామండీ వందనాలు అని లేచింది.

తిరుగు బస్సులో పెడన దాటాక అంది.

"ఒరే, మన ఇల్లు చేసిపెట్టరా. ఈ కాస్త వెలుగుండగానే చేత్తో నేర్చేసుకుంటాను. తర్వాత చీకట్లో వెతుక్కోనక్కర్లేదు."

మన ఇల్లంటే దివిసీమలో, కరకట్టకి అవతల ఏటి వైపు ఉండేది. చిన్న పెంకుటిల్లు. ప్రతి వరదకీ ఏరు గట్టును కోసుకుంటూ వచ్చింది. ముందు నుయ్యి పోయింది, తర్వాత పశువుల పాక పోయింది, చివరికి ఇల్లు జారిపోయింది. ఇప్పుడు ఆ చోటు ఎక్కడుందో పడవవాళ్ళు కూడా చెప్పలేరు. ఉన్న రెండు మూడు ఫొటోల్లో మనుషులున్నారు గానీ ఇల్లు లేదు. అక్క పెళ్ళి చేసుకోలేదు, పక్కనే మిషన్ బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ అమ్మతోపాటు ఆ ఇంట్లోనే ఉంది. చివరి రోజుల్లో అమ్మకి కాళ్ళు పడిపోయాయి. గదిలో ఉంటే ఊపిరాడదనేది. పొద్దున్నే అమ్మని చంకలో చెయ్యేసి లేపి అరుగు మీద కూర్చోబెట్టడం, పొద్దుగూకితే లోపలికి చేర్చడం అక్క పని. మబ్బేస్తే పాఠం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చేది. హెడ్మాస్టరు గారు కూడా ఏమనేవారు కాదట, వాన అంటే అమ్మ తడుస్తుందని ఊరందరికీ తెలుసు.

సరే, మొదలుపెట్టాను. నమూనాలు కట్టడం నాకు కొత్త కాదు. క్రిస్మసుకి మా చర్చిలో పశువుల పాక నేనే కట్టేవాణ్ణి, గుడివాడ రైల్వే స్టేషను కట్టి అద్దాల పెట్టెలో పెట్టాను. అయితే అవన్నీ కంటికోసం కట్టినవి. పక్కన 'ముట్టుకోరాదు' అని అట్ట పెట్టేవాణ్ణి. ఇది ముట్టుకోవడానికే కట్టే ఇల్లు. అక్క రోజూ భోజనం కాగానే చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేది. గోడ వెంట వేళ్ళు నడిపించి, దొడ్డి గుమ్మం ఇంకా ఇవతలికి ఉండేదిరా అనేది. నేను గోడ పగలగొట్టి మళ్ళీ పోసేవాణ్ణి. లోపలి గదులు తడమడానికి వీలుగా పైకప్పు మూతలా లేచి వచ్చేట్టు చెయ్యమంది, చేశాను. గోడలు, అరుగు ప్లాస్టరు. తలుపులు, కిటికీలు, అమ్మ బొమ్మ రెసిను. ఇంట్లో ఉన్నది సెట్ల రెసిను కాబట్టి అమ్మను దాంతోనే పోశాను. "అత్తయ్య గారు చిగుళ్ళ రంగులో మెరిసిపోతున్నారు" అని మా ఆవిడ పడీ పడీ నవ్వింది. అక్క కూడా నవ్వింది. తెల్లచీర రంగు వేశాక నవ్వు ఆగింది. ఆ మొహం మీద అక్క చాలాసేపు చూపుడువేలు ఉంచింది. ముక్కు అమ్మదేరా అంది.

ఇక జిగురు సంగతి. ప్లాస్టర్‌కి దాహమెక్కువ, పోసిందల్లా తాగేస్తుంది. రెసిన్‌కి అసలు దాహమే లేదు, ఏం పోసినా జారిపోతుంది. ఈ ఇద్దరికీ పెళ్ళి చెయ్యాలంటే పెద్దమనిషి లాంటి జిగురు కావాలి. మొదట వడ్రంగులు వాడే తెల్ల జిగురు పెట్టాను. ప్లాస్టరూ ప్లాస్టరూ అయితే దాన్ని మించింది లేదు, గోడలన్నీ దాంతోనే నిలిచాయి. రెసిను తలుపులు మాత్రం వానాకాలం గాలికీ, అక్క వేళ్ళ తడికీ మెత్తబడి వచ్చేశాయి. అమ్మా వచ్చేసింది. తర్వాత చిటికెలో పట్టేసే గమ్ము. దాన్ని ప్లాస్టరు తాగేయకుండా ముందు తెల్ల జిగురు నీళ్ళలో కలిపి పూత వేసి, ఆరాక పెట్టాను. తలుపులు పట్టాయి. అయితే మన డెల్టా ఉక్కకి చుట్టూ తెల్లటి బూజులా పొగ కమ్మింది. పొంగిన చోట ముళ్ళలా గట్టిపడింది. అక్క వేలు తీసేసుకుని, మన అరుగు నున్నగా ఉండేది, ఇదేంటి గుచ్చుకుంటోంది అంది. గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాను. తలుపులు నిలిచాయి. అమ్మ మళ్ళీ ఊడింది.

అదే నాకు అంతుబట్టలేదు. తలుపులూ కిటికీలూ ఉంటాయి, అమ్మ ఒక్కత్తే ఊడుతుంది. ఊడినప్పుడల్లా లోపలి గదిలో ఉంటుంది. కొంగు తగిలి ఊడుంటుంది, కింద పడితే తనకి కనపడదని అక్క లోపల పెట్టుంటుంది, జాగ్రత్త గల మనిషి అనుకున్నాను. జిగురును తిట్టాను, ట్యూబు చేసినవాణ్ణి తిట్టాను. అక్క తల వంచుకుని వినేది. పోనీలేరా, ఊడితే ఊడింది, దానికింత కోపమెందుకు అనేది. నాకు ఇంకా కోపం వచ్చేది. నా భయం నాది. చూపు పూర్తిగా పోయాక ఆ బొమ్మ కింద పడితే అక్క దాన్ని ఎక్కడని వెతుక్కుంటుంది? డాక్టర్ల వల్ల కానిది నా వల్ల ఎలాగూ కాదు, కనీసం ఈ ఒక్కటైనా గట్టిగా నిలబెట్టి ఇవ్వాలి కదా.

చుక్కల మందుకి బందరు వెళ్ళినప్పుడు ఎపాక్సీ అనే జిగురు కొన్నాను, రెండు ట్యూబులు సమంగా కలిపి వాడేది. కొట్టులో కుర్రాయన తాతకి దగ్గులు నేర్పినట్టు నాకు రెసిన్ పాఠం చెప్పాడు. ఓపిగ్గా విన్నాను. ఇంటికొచ్చి అమ్మను సబ్బు నీళ్ళతో కడిగాను. బొమ్మ అడుగు గీరాను, అరుగు కూడా గీరాను. రెండు జిగుళ్ళూ కలిపి, కాస్త ప్లాస్టర్ పొడి చేర్చి, అమ్మను కూర్చోబెట్టి, పొంగినదంతా పుల్లతో తీసేసి, ఒక రోజంతా ఎవర్నీ తాకనివ్వలేదు. మర్నాడు గోటితో లాగి చూశాను. పలక మొత్తం లేచింది గానీ అమ్మ కదల్లేదు. ఆ క్షణాన నేనెంత పొంగిపోయానో చెప్పలేను. అక్కని పిలిచి, ఇక భూకంపం వచ్చినా ఊడదే అన్నాను. అక్క తడిమి చూసి, బాగుందిరా అంది. అంతే అంది.

ఆ సాయంత్రం మబ్బేసింది. నేను వసారాలో కుర్చీ లోపలికి లాక్కుంటుంటే గదిలోంచి టకటకమని చప్పుడు. వెళ్ళి చూస్తే అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. పైకప్పు తీసి పక్కన పెట్టింది. రెండు వేళ్ళతో అమ్మని పట్టుకుని లాగుతోంది. పలక లేచి పడుతోంది. బయట మొదటి చినుకులు కిటికీ రేకు మీద పడ్డాయి.

"ఇది రావట్లేదేంట్రా" అంది.

ఎందుకు లాగుతున్నావే అన్నాను.

"ఇన్నాళ్ళూ నేనే తీస్తున్నాను. పొద్దుగూకితే, వానొస్తే లోపల పెట్టేదాన్ని. ఈ వయసులో బొమ్మలాటేంటని నవ్వుతావని చెప్పలేదు."

పక్కన కూర్చున్నాను. పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లాగితే అరుగు పెచ్చు ఊడొస్తుంది. కోస్తే అమ్మ కాళ్ళు పోతాయి. వేడి చేస్తే జిగురు కంటే ముందు అమ్మ వంగుతుంది. ఆ జిగురును అంత గట్టిగా పెట్టింది నేనే. ఇంకో అమ్మని చేస్తాను, అతికించకుండా విడిగా ఇస్తాను అన్నాను. అలా అన్నాక గుర్తొచ్చింది, అచ్చు లేదు. మా పనిలో అచ్చు పగలగొడితేనే లోపలిది బయటికొస్తుంది, మళ్ళీ మైనంతో మొదట్నుంచి చెక్కాలి.

"ఈ మొహం చేత్తో నేర్చుకున్నాన్రా. ఇంకో మొహం అంటే మళ్ళీ మొదలెట్టాలి. అంత వెలుగు లేదు" అంది అక్క. కోపంగా కాదు. కూర అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

నేను చిన్న రంపం తెచ్చాను. అరుగు ముక్కతో సహా కోసి ఇద్దామని. రంపం అంచు అరుగుకి ఆనించి, కొయ్యలేక పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళలో పట్టిన పని మధ్యలో వదిలేయడం అదే మొదలు. వాన పెరిగింది. కిటికీ మూసినా జల్లు సందుల్లోంచి బల్ల మీదికి కొడుతోంది. పలకను అవతలికి జరపబోయాను. అక్క వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా తడుముకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి దోసిలిలా వంచి అమ్మ మీద మూతలా పెట్టింది. జల్లు ఆ చెయ్యి మీద పడుతోంది.

వంటింట్లోంచి మా ఆవిడ భోజనానికి రమ్మని పిలిచింది.

"నువ్వెళ్ళి తిను" అంది అక్క. "వాన వెలిశాక నేనొస్తాను."