జ్యోతిర్మయి ఇచ్చిన వాయిదా

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లాయర్లే, ఒకే కేసులో చెరో పక్క నిలబడ్డారంటే వినేవాళ్ళకి ముందు నవ్వొస్తుంది. గాజువాకలో కూడా అందరూ నవ్వారు. అదే నా మంట. ఆ నవ్వుల మధ్య ఒక మనిషి బతుకు బుగ్గిపాలైందని ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది, ఎందుకంటే ఆ ఇద్దరికీ టైపు కొట్టేదాన్ని నేనే. నా పేరు నారాయణమ్మ, మాది సబ్బవరం పక్క పల్లె. నాకు నోరెక్కువని మా ఇంట్లోవాళ్ళే అంటారు, అననీండి.

జ్యోతిర్మయి మేడమ్ పెద్ద పేరున్న లాయరేం కాదు. పేపర్లో ఫోటో పడే రకమూ కాదు. తండ్రి దువ్వాడలో రైలు పట్టాల మీద పనిచేసిన మనిషి. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళంతా కాంట్రాక్టు కూలీలు, అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, చేపల తట్ట గుమ్మంలో దించి అక్కడే చతికిలబడే ఆడవాళ్ళు. వాళ్ళు చెప్పిందే పదిసార్లు చెప్పినా విసుక్కోకుండా వినేది. నాకైతే అంత ఓపిక లేదు బాబూ, రెండోసారికే కసురుకునేదాన్ని.

ఆవిడ భర్త దేవీప్రసాద్ గారు కాంట్రాక్టర్ల లాయరు. మాట తేనె. పెళ్ళికి ముందు ఒక ప్రహరీ గోడ తగువులో ఇద్దరూ ఎదురెదురుగా వాదించారట, ఆయన ఓడిపోయాడట. బయటికొచ్చి, "ఎప్పుడూ ఎదురుగా నిలబడ్డమేనా మేడమ్, ఒక్కసారి పక్కన నిలబడి చూడండి" అన్నాడట. బార్ రూములో ఇప్పటికీ కొత్తగా వచ్చిన లాయర్లందరికీ ఈ కథ చెప్పి మురిసిపోతుంటారు.

ఇంటి ముందుగదే వాళ్ళ ఆఫీసు. అటో బల్ల, ఇటో బల్ల, మధ్యలో నా కంప్యూటరు. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద కోర్టుకి వెళ్ళేవారు. లోపల ఒకరినొకరు ఏకిపారేసుకుని, మధ్యాహ్నం ఒకే క్యారియర్ విప్పుకుని తినేవారు. వాళ్ళిద్దరి కేసు ఉందంటే పక్క హాళ్ళ లాయర్లు పనిమాలా వచ్చి కూర్చునేవారు. "బావా, ఇంటికెళ్ళాక అప్పీలుందా?" అని దేవీప్రసాద్ గారిని ఎవడో ఒకడు ఆటపట్టించేవాడు. ఆయన పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, అబద్ధమెందుకు.

అలాంటి రోజుల్లో తిరుమలరావు వచ్చాడు. దువ్వాడ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇనుప యార్డులో క్రేను నడిపేవాడు. ఒకరోజు క్రేను తాడు తెగి ఇనుప కట్ట కిందపడింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు. కానీ కాంట్రాక్టరు తప్పంతా తిరుమలరావు నెత్తిన రుద్దాడు. తాగి క్రేను ఎక్కాడని రాసి పనిలోంచి తీసేశాడు.

"అమ్మా, నాను మందు ముట్టి నాలుగేళ్ళయిపోనాది. మా పాప మీద ఒట్టేసి మానేసినాను. తాగుబోతని రాసేత్తే ఇంక ఏ యార్డువోడు నన్ను క్రేనెక్కనిత్తాడమ్మా?" అని ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పక్కన అతని భార్య తవిటమ్మ కొంగు బిగించుకుని కూర్చుంది. ఏడవలేదు. "ఉద్యోగం పోతే పోనాది. తాగలేదని రాయించండమ్మా, అంతే" అంది.

మేడమ్ లేబర్ కోర్టులో కేసు వేసింది. కాంట్రాక్టరు సరాసరి వచ్చి దేవీప్రసాద్ గారి బల్ల ముందు కూర్చున్నాడు. వద్దనొచ్చు కదా ఆయన? అనలేదు. మేడమ్ కూడా ఏమనలేదు. ఇలాంటివి వాళ్ళకి అలవాటే.

కేసంతా ఒక్క సాక్షి మీద నిలబడి ఉంది. గంగరాజని, అదే యార్డులో ఖలాసీ. క్రేనుకి సరుకు కట్టేది అతనే. వాయిదాకి ముందురోజు సాయంత్రం మేడమ్ అతన్ని ఇంటికే రమ్మంది. రావలసింది ఆ ఇంటికి కాదు, ఇప్పుడనుకుని ఏం లాభం? ఆఫీసంటూ వేరే ఉంటేగా!

"రోపు అరిగిపోనాదని నానే సెప్పినాను మేస్త్రీకి. ఇన్లేదు. తిరుమలరావు తాగలేదు. ఏ కోర్టులో అడిగినా ఇదే సెప్తాను" అన్నాడు గంగరాజు, గట్టిగా, ముందుగది అదిరేలా. అప్పుడే స్కూటరు ఆపి లోపలికి వచ్చాడు దేవీప్రసాద్ గారు. గంగరాజు మొహం ఒక్క క్షణం చూశాడు. "టీ తాగావా నాయనా?" అని అడిగి, లోపలికెళ్ళి తనే టీ తెచ్చి ఇచ్చాడు. ఎంత మర్యాదో!

గంగరాజు వెళ్ళాక నేను సంతకాల కోసం కాగితాలు పట్టుకుని వంటింటి దాకా వెళ్ళాను. ఆయన గడపలో నిలబడి అంటున్నాడు.

"జ్యోతీ, అమ్మకి రేపే కంటి ఆపరేషన్. నేను పక్కన లేకపోతే బల్లెక్కనంటంది. రేపటి కేసుకి ఒక్క వాయిదా ఇచ్చీ."

"సాక్షి రెడీగా ఉన్నాడండీ."

"వచ్చే వాయిదాకి పారిపోతాడేటి? మీ అత్తగారి కన్ను కన్నా ఎక్కువా?"

మేడమ్ కూర కలుపుతూ సరేనంది. అవతలి లాయరు వాయిదా అడిగితే అడ్డుచెప్పకపోవడం లాయర్లలో మర్యాదట. రేపు మనకీ అవసరం పడుతుందని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అడిగింది మొగుడైతే ఇక చెప్పేదేముంది.

మర్నాడు ఫైళ్ళు మోసుకుని నేనూ కోర్టుకెళ్ళాను. గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దేవీప్రసాద్ గారి జూనియర్ అనిరుధ్ లేచి, సీనియర్ గారి తల్లికి ఆపరేషన్ అని చెప్పాడు. జడ్జి గారు మేడమ్ వైపు చూసి, "మీకు అత్తగారే కదమ్మా. కాదంటే ఇంట్లో అన్నం దొరుకుతుందా?" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. మేడమ్ కూడా నవ్వి, అభ్యంతరం లేదంది. గోడవార నిలబడ్డ తిరుమలరావు ఏం జరిగిందో అర్థంకాక, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వాడు.

గంగరాజు చెప్పాల్సింది ఆ రోజే రాయించేసి, దేవీప్రసాద్ గారి ప్రశ్నలు వచ్చే వాయిదాకి ఉంచొచ్చు. అలా చేస్తారు కూడా. మేడమ్‌కి ఆ సంగతి తెలీక కాదు. "అలా చేస్తే ఆయన్ని నమ్మనట్టు కదా పిన్నీ" అంది తర్వాత నాతో.

తర్వాతి వాయిదాకి గంగరాజు కాంట్రాక్టరు కార్లోంచి దిగాడు. యార్డులో సూపర్‌వైజరైపోయాడు, మెడలో కొత్త కార్డు. మా వైపు చూడలేదు. మేడమ్ సాక్షిగా కాదు, కాంట్రాక్టరు సాక్షిగా బోనెక్కాడు. దేవీప్రసాద్ గారు మెత్తగా అడిగితే తలదించుకుని చెప్పాడు. "తాగే ఉన్నాడండి. దగ్గరికెల్తే వోసనొచ్చినాది."

మేడమ్ మొహం పాలిపోయింది. లేచి, "మా ఇంటికొచ్చి నాతో ఏం చెప్పావు గంగరాజూ?" అని అడిగింది. వెంటనే దేవీప్రసాద్ గారు అడ్డుపడ్డాడు. 'నాతో చెప్పావు' అంటే లాయరే సాక్ష్యం చెప్పినట్టు, అలా చెప్పకూడదన్నాడు. జడ్జి గారు ఆ ప్రశ్న కొట్టేశారు. వెనక బెంచీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది నాకు.

ఆ రోజు ఎవరిదారిన వాళ్ళు ఇంటికొచ్చారు. మేడమ్ నల్లకోటు కూడా విప్పకుండా ఆయన బల్ల ముందు నిలబడింది.

"గంగరాజు సాక్ష్యానికి వస్తన్నాడని కాంట్రాక్టరుకి మీరే చెప్పారు కదూ?"

"చెప్పాను." ఆయన తల దించుకోలేదు. "నా క్లయింటుకి చెప్పకపోతే నేనేం లాయర్ని? అమ్మ ఆపరేషన్ నిజమే కదా, అబద్ధం ఆడానా? నీ సాక్షిని ఇంట్లో కూర్చోబెట్టింది నువ్వు. వాయిదా ఇచ్చింది నువ్వు."

"భార్యననుకుని ఇచ్చానండీ."

"కోర్టులో అలా అనుకోకూడదు జ్యోతీ."

ఒక్కో మాటా చట్టప్రకారం సరిగ్గానే ఉంది. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది. మేడమ్ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిన్నీ, కొత్త కాగితం తియ్యి" అంది. గంగరాజుని మళ్ళీ విచారించాలని పిటిషను. సాక్షి సంగతి తన భర్తకి తమ ఇంట్లోనే తెలిసిందని, ఆయన కాంట్రాక్టరుకి చెప్పాకే సాక్షి మాట మార్చాడని, అన్నీ తన పేరు మీద ప్రమాణం చేసి చెబుతోంది. ఆయన తన బల్ల దగ్గరే కూర్చుని వింటున్నాడు.

"అది దాఖలైతే నా లాయరు సనదుకే ఎసరు, తెలుసా?" అన్నాడు. "ఇంక మనిద్దరం ఒక ఇంట్లో ఉండలేం."

నా వేళ్ళు ఆగిపోయాయి. "ఆపకు పిన్నీ, కొట్టు" అంది మేడమ్. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం చెదరలేదు. కొట్టాను.

ఏమైందంటారా? ఏమీ కాలేదు. వాయిదాకి ఒప్పుకున్నది మీరే, ఆ రోజే సాక్ష్యం రాయించుకోవలసింది మీరే, ఇంట్లో తగవులు తెచ్చి కోర్టులో పెడితే ఎలాగమ్మా అని జడ్జి గారు పిటిషను కొట్టేశారు. ఆయన సనదుకీ ఏం కాలేదు. ఆవిడ ప్రమాణం చేసి చెప్పిన నిజాన్ని బార్ రూములో మొగుడూ పెళ్ళాల అలక అన్నారు. "పుట్టింటికెల్లిపోనాదేటి బావా?" అని ఆయన్ని పరామర్శించారు. తిరుమలరావు కేసు పోయింది. తాగుబోతన్న రాత అలాగే ఉండిపోయింది.

ఫైలు వెనక్కి తీసుకోడానికి తిరుమలరావూ తవిటమ్మా వచ్చారు. తిరుమలరావు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తవిటమ్మ లోపలికొచ్చింది. మేడమ్ రెండు చేతులూ జోడించి, "తప్పు నాదే తవిటమ్మా. అత్తగారి ఆపరేషనని ఆయనకి టైమిచ్చాను" అంది.

"ఇచ్చినారు. అది మీ టైమేటమ్మా? మాది కాదా?" అంది తవిటమ్మ. ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అరిచి తిట్టినా బాగుండును.

మేడమ్ ఇప్పుడు దువ్వాడలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోంది. నేనూ ఆయన బల్ల వదిలేసి ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. దేవీప్రసాద్ గారు కోర్టులో ఎదురుపడితే ఇప్పటికీ పలకరిస్తాడు. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోతుంది. మొగుణ్ణి కోర్టుకీడ్చిన మనిషని కొత్త క్లయింట్లు జంకుతున్నారు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని నాతో చెప్పింది.

మొన్న సాయంత్రం ఇద్దరం గాజువాక జంక్షన్లో షేర్ ఆటో కోసం నిలబడ్డాం. అటుగా వస్తున్న ఆటోని చూసి మేడమ్ చెయ్యెత్తింది. వెనక సీటు మొత్తం ఖాళీ. నడుపుతున్నది తిరుమలరావు. ఆవిణ్ణి చూశాడు. బాగా చూశాడు. ఆపకుండా పోనిచ్చేశాడు.

"ఏరా, కళ్ళు కనబడ్డం లేదేటి? నీ కోసం కాపరం వొదులుకున్న మనిషిరా!" అని నేను రోడ్డు మీదే కేకలేశాను.

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "తిట్టకు పిన్నీ. వాళ్ళకి నేను ఇప్పటికీ దేవీప్రసాద్ పెళ్ళాన్నే" అంది.