రెండు దేశాల లెక్క, ఒక మామిడితోట

రబ్బరు ఎగుమతిలో థాయిలాండ్ ముందా, ఇండోనేషియా ముందా అని పేపర్లో పోల్చి చూసుకున్న నేను, మా ఊరు ఐరాలలో వాన ఎంత పడుతుందో చూసుకోలేదు. నా ఆశ రబ్బరులా సాగింది. మొక్కలమ్మే ఏజెంటు మాట విని, నాయన పెంచిన మామిడిచెట్లు కొట్టించి రబ్బరు మొక్కలు నాటాను.

"ఆడ దినామూ వానంటప్పా. ఈడ తాగేదానికే నీళ్లు లేవే" అని నాయన చెప్పినా వినలేదు.

రెండో వేసవికి రబ్బరు మొక్కలన్నీ ఎండిపోయాయి. నాయన తోటకెళ్లి మామిడి మొద్దుల్ని ఒక్కోదాన్నీ తడిమి, ఇంటికొచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

మొన్న అదే ఏజెంటు వక్క మొక్కలు అమ్మడానికి వచ్చి, "యాడన్నా నీడన కూర్సోని మాట్లాడదాం అన్నా" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక మొద్దు చూపించి, "నీడని మనిద్దరమే కదప్పా కొట్టేసింది. ఈడే కూర్సో" అన్నాను. గంటసేపు అన్ని దేశాల లెక్కలూ చెప్పించుకుని, ఒక్క మొక్కా కొనకుండా పంపేశాను.