తడి బోర్డు తగ్గని బరువు

"మీరు ఇందులోంచి నీళ్ళు తీస్తున్నారా, ఇందులోకి పోస్తున్నారా?"

ఇది పళ్ళ డాక్టరమ్మ ఫ్రిజ్ మెకానిక్‌ని అడిగిన ప్రశ్న. ఆమె విండ్‌సర్ఫింగ్ బోర్డు ఐదు వారాలుగా అతని షెడ్డులో బోర్లా పడుకుని ఉంది. మీద నిలబడి తెరచాప పట్టుకుంటే సరస్సు మీద గుర్రంలా ఉరకాల్సిన బోర్డు అది. తోక దగ్గర పగులు పడి, లోపలి ఫోమ్ నీళ్ళు తాగి తాగి, గేదెలా చతికిలబడింది. కొన్ననాడు ఎనిమిది కిలోలు, ఇక్కడికి వచ్చిననాడు పదకొండు. మెకానిక్ లెక్క ప్రకారం ఇవాళా పదకొండే.

ఫ్రిజ్‌లు బాగుచేసేవాడికి బోర్డులతో ఏం పని అంటే, పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఒకవైపు నుంచి గాలి పీలుస్తుంది. దానికి గొట్టం తగిలించి, మధ్యలో గాజు సీసా పెట్టి, బోర్డుకి చిన్న చిల్లు వేసి గొట్టం బిగిస్తే లోపలి తడి బొట్టు బొట్టుగా సీసాలోకి దిగుతుంది. సీసా పొంగి నీళ్ళు కంప్రెసర్‌లోకి వెళ్ళాయో, దాని పని సరి. అందుకని ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. ఓర్పు మహా సుగుణమని ఉపన్యాసాలు దంచేవాళ్ళని తెచ్చి ఒక్క పూట ఆ సీసా ముందు కూర్చోబెట్టాలి. మన మెకానిక్‌కి ఓర్పు లేదు. ఎదురుగా బేకరీ ఉంది; సీసా నిండేదాకా అక్కడి బన్నులే కాలక్షేపం.

ఆ ఆదివారం సరస్సులో పందెం. డాక్టరమ్మకి అప్పటికి బోర్డు కావాలి. మెకానిక్‌కి అంతకంటే ఎక్కువ కావాలి. ఆమె క్లబ్బులో ఇలాంటి తడి బోర్డులు ఇంకో అరడజను మూలుగుతున్నాయి. ఇది బాగైతే అవన్నీ అతని షెడ్డుకే వస్తాయి. కాకపోతే మళ్ళీ మెట్లెక్కి దిగుతూ ఇంటింటా ఫ్రిజ్ తలుపుల రబ్బర్లు మార్చుకోవడమే.

తూచే పద్ధతి కూడా అతని సొంతమే. ఇంట్లో ఉన్నది మనుషులు ఎక్కి చూసుకునే మిషన్. బోర్డుని దాని మీద పెడితే ముల్లు కనపడదు. కాబట్టి బోర్డుని కావలించుకుని తనే ఎక్కుతాడు. భార్య వంగి ముల్లు చదువుతుంది. అందులోంచి అతను తన డెబ్బై ఎనిమిది తీసేస్తాడు. బోర్డు వచ్చిననాడు ఒంటరిగా ఎక్కి చూసుకున్న బరువది. మళ్ళీ ఎక్కలేదు. మనిషి బరువేమైనా వాతావరణమా, పూటపూటా కనుక్కోవడానికి?

రెండో వారం తూచినా తేడా లేదు. ఇంకో చిల్లు వేశాడు. నాలుగో వారానికి మూడోది.

"ఏమండీ, రోజూ సీసా నీళ్ళు పారబోస్తున్నా కదా," అంది భార్య. "అవి ఎక్కడివి మరి?"

"గాల్లో తేమ."

"గాల్లో తేమ సీసాడు ఉంటుందా?"

"తీసినంతా మళ్ళీ పీల్చేస్తోందే ఈ రాక్షసి బోర్డు. నీకు తెలీదు, ఊరుకో."

ఈ మధ్య బోర్డు ఎత్తడం సులువవుతోందని అతనికీ అనిపించకపోలేదు. కండ పట్టిందనుకున్నాడు.

చివరికి శుక్రవారం సాయంత్రం, బోర్డు వీపు మీద కిటికీ అంత చదరం సుద్దతో గీసి, రంపం చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, పైన చెప్పిన ప్రశ్న వేసింది.

"తీస్తూనే ఉన్నానమ్మా. ఉత్త తాగుబోతు బోర్డు. కోసి చూస్తే తప్ప తేలదు."

"కోస్తారా! నేను పన్ను పీకాలన్నా ముందు ఎక్స్‌రే తీస్తానయ్యా."

"ఎక్స్‌రే ఎందుకు, తూచి చూపిస్తా. మీరే చూడండి." బోర్డుని వాటేసుకుని మిషన్ ఎక్కాడు.

"ఎనభై తొమ్మిది," చదివింది భార్య.

"విన్నారుగా? నాది పోతే పదకొండు."

"ముందు దాన్ని అడ్డం తీయండి, నాకేం కనపడట్లేదు," అంటూ డాక్టరమ్మ బోర్డు పట్టుకుని బలంకొద్దీ లాగింది. అనుకున్నంత బరువు లేకపోవడంతో రెండడుగులు వెనక్కి తూలి గోడకి ఆనుకుంది.

మెకానిక్ ఇంకా మిషన్ మీదే ఉన్నాడు. భార్య అలవాటు కొద్దీ ముల్లు చదివేసింది.

"ఎనభై ఒకటి."

"సరిగ్గా చూడు."

"ఎన్నిసార్లు చూసినా అంతే."

చెప్పులు విప్పాడు. జేబులోంచి పట్టకారు తీసి కింద పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఎనభై ఒకటే," అంది భార్య. "ముల్లుకి మొహమాటం లేదండీ."

డాక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్క కట్టింది. "అయితే నా బోర్డు ఎనిమిదే! ఎప్పుడో ఆరిపోయింది. మరి ఆ మూడో చిల్లు దేనికి?"

"అది... గాలాడ్డానికి."

"ఎవరికి?"

భార్య స్టూలు మీద కూలబడి నవ్వింది. "నీళ్ళు ఎక్కడికీ పోలేదు డాక్టరమ్మా. ఇల్లు మారాయి, అంతే."

రంపం గోడకి తగిలించి, ఆ సాయంత్రమే పగులునీ మూడు చిల్లులనీ జిగురుతో పూడ్చాడు. శనివారం రాపిడి కాగితంతో నున్నగా తోమి ఇచ్చాడు. పందెంలో డాక్టరమ్మ చివరి నుంచి మూడోదిగా వచ్చింది. తప్పు గాలిదంది కానీ బోర్డుని ఒక్క మాట అనలేదు. మర్నాడే క్లబ్బు నుంచి రెండు బోర్డులు షెడ్డుకి వచ్చాయి. వాటిని తూచే ముందు అతన్ని ఒంటరిగా మిషన్ ఎక్కించే బాధ్యత భార్య తీసుకుంది.

బోర్డు ఆరబెట్టినందుకు డాక్టరమ్మ కూలి ఇచ్చింది, పగులుకీ మొదటి చిల్లుకీ అయిన ఖర్చూ ఇచ్చింది. మూడో చిల్లు తన నెత్తినే వేసుకోవడానికి మెకానిక్ ఒప్పుకున్నాడు. రెండోది వేసిననాటికి బోర్డు తడిగానే ఉందని అతను, కాదని ఆమె. ఆ రెండో చిల్లు డబ్బులు ఇంకా రాలేదు.