గొంతు మీద రెండు వేళ్ళు

మా పై గదిలో అద్దెకున్న టీచరమ్మ శుక్రవారం పొద్దున చనిపోయింది. జ్వరం ముదిరిందని పట్నం దవాఖానకు తీసుకుపోతుంటే నర్సాపూర్ చేరకముందే ప్రాణం పోయిందట. ఫోన్ వచ్చినప్పుడు నేను బీడీలు చుడుతున్నాను. చేతిలో ఉన్నది పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టాకే లేచాను. ఎందుకట్లా చేశానో తెలియదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆమె బడిలోని లెక్కల సారు రాస్తున్నాడు, సంతాప సభలో పంచే కాగితం కోసం. నేను చెప్పేది పుస్తకం భాషలో పెడతానన్నాడు, సరే అన్నాను. మేం మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టాను. ఎందుకంటే బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద "పిల్లల మోటు మాటను సరిదిద్దిన గురువు" అని ఉందట. అది అబద్ధం. సభ మొదలయ్యేలోపు దాన్ని దించాలి. ఎందుకో వినండి.

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన ఉద్యమంలో బడులు బందైన రోజులవి. టీచరమ్మ పొద్దున ఊరేగింపులో నడిచి వచ్చి, మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎక్కడో ఉన్న ప్రొఫెసర్ ఇంటర్నెట్‌లో పాఠం చెప్పేవాడు. మాటలోని ధ్వనులు నోట్లో ఎక్కడ, ఎట్లా పుడతాయో ఆ చదువు. ఒకరోజు అద్దం పట్టుకుని నోరు తెరిచి కూర్చుంది.

"ఏందే బిడ్డా, పన్ను నొస్తుందా?"

"లేదవ్వా, నాలుక యాడ తాకుతుందో చూస్తున్న."

"గిన్నేండ్ల సంది మాట్లాడుతున్న, నేనెన్నడు చూసుకోలే. గిదో సదువా?"

పడీపడీ నవ్వింది. నా రెండు వేళ్ళు తీసి తన గొంతు మీద పెట్టుకుంది. మ్ అని మూలిగితే వేళ్ళ కింద గొంతు అదిరింది. స్ అని బుసకొడితే అదరలేదు. తర్వాత తన వేళ్ళు నా గొంతు మీద పెట్టి నాతో కూడా అనిపించింది.

చివర్లో పరీక్ష వచ్చింది. ఊరి మనిషి మాటను రికార్డు చేసి, అందులోని ధ్వనులన్నీ గుర్తుపట్టి రాయాలి. బీడీ ఎట్లా చుడతారో చెప్పమని నన్నడిగింది. పెట్టెలోని చీర కట్టుకుని కూర్చుని, రేడియోలో వార్తలు చదివే ఆమెలాగా చెప్పాను. విన్నాక టీచరమ్మ ముఖం చిన్నబోయింది.

"అవ్వా, గిది నువ్వు గాదు. గట్లెందుకు మాట్లాడినవ్?"

"ఆ ప్రొఫెసర్ ఇంటడు గదా! నా మోటు మాటకు నీకు మార్కులు కోస్తే? నీ ఇజ్జత్ పోవద్దని."

టీచరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"చిన్నప్పుడు బళ్లె నా మాటకు అందరు నవ్విండ్రు. గప్పటి సంది దాసుకునుడే నేర్సుకున్న. నువ్వు దాయకవ్వా. నాకు నువ్వు తిట్టేటప్పటి మాట గావాలె."

"తిట్లు గావాల్నా? ముందుగాల్నే చెప్పకపోతివి!"

మర్నాడు ఒళ్ళో చాట పెట్టుకుని, మంచి బీడీలు కూడా పనికిరావని పారేసే కమీషన్‌దారుని మనసుతీరా తిట్టాను. నడుమ చర్చి గంట మోగితే "ఆగవ్వా, ఆగు" అని చేయెత్తేది. గంట ఆగాక, "ఇగ కానియ్" అనేది. ఆ రికార్డే పంపింది.

బడి తెరిచాక ఏ పిల్ల మాటకూ ఎవరినీ నవ్వనివ్వలేదు. "వాళ్ల నోరు తప్పు గాదు సార్, మన చెవులకే అలవాటు లేదు" అని ఈ లెక్కల సారుతోనే అన్నదట. నాకు తనే చెప్పింది.

ఆమెను ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు నేను గొంతు మీద రెండు వేళ్ళు పెట్టాను. "డాక్టర్ చూసిండు గదనే అవ్వా" అని ఎవరో అన్నారు. నాకు తెలుసు. అయినా తీయలేదు. ఏడుపూ రాలేదు, ఇప్పటిదాకా.

ఇక్కడ సారు కలం ఆపాడు.

"ఫ్లెక్సీ మీద ఆ మాట రాయించింది నేనే అవ్వా."

"తెలుసు సారూ. గందుకే మీతోటే రాయిపిస్తున్న."

తల వంచుకున్నాడు. "దించుత. ఏం రాయాల్నో నువ్వే చెప్పు."

"మా మాట ఇన్నది అని రాయుండ్రి. గంతే."

రాశాడు. ఇప్పుడంతా చదివి వినిపిస్తున్నాడు. చాట పక్కన పెట్టి, రెండు వేళ్ళు నా గొంతు మీదే పెట్టుకుని వింటున్నాను. ఏమీ అదరడం లేదు.